గోరుతో గీస్తే రాలే కొండ

మా ఇంటికి 138 మెట్లు. చిన్నప్పుడు నేను అంకెలు నేర్చుకున్నది వాటి మీదే. బెజవాడ వన్‌టౌన్‌లో కొండవాలున పుట్టి పెరిగినవాళ్ళని చుట్టాలు "ఇల్లు ఏ వీధిలో?" అని అడగరు, "ఎన్ని మెట్లు?" అని అడుగుతారు. ఆ లెక్కని బట్టే ఎవరు వచ్చేదీ, ఎవరు కింద నుంచే కబురు పెట్టి పోయేదీ తేలిపోయేది.

కుళాయి కొండ కింద ఉండేది. తెల్లవారుజామున నీళ్ళు వదిలేవాళ్ళు. అమ్మ నెత్తి మీద చుట్టకుదురు, దాని మీద ఇత్తడి బిందె, చంకలో మరో బిందె. వెనకాల నేను చిన్న సత్తు బిందె పట్టుకుని. యాభయ్యో మెట్టు దాటాక పక్కన ఒక బండ పొడుచుకుని ఉండేది. ఆడవాళ్ళందరూ అక్కడ బిందెలు దించి కాస్త ఊపిరి పీల్చుకునేవాళ్ళు. ఏళ్ళ తరబడి బిందెల అడుగులు ఒరుసుకుని ఆ బండ మీద గుండ్రటి గుంటలు పడ్డాయి. తొణికిన నీళ్ళు ఆ గుంటల్లో నిలిచేవి. నీళ్ళ అడుగున ఎర్రటి నలుసులు మెరిసేవి, దానిమ్మ గింజలని నూరి చల్లినట్టు. వేలితో తీసి అరచేతిలో వేసుకుంటే ఇసకలా గరగరలాడేవి. బండని గోరుతో గీస్తే ఇంకొన్ని రాలేవి. అదేమిటో నాకు అప్పుడు తెలియదు. తర్వాత ముప్ఫై ఏళ్ళకి పైగా హైస్కూలు పిల్లలకి సోషల్ పాఠాలు చెప్పాను. బెజవాడ గురించి పుస్తకాల్లో ఎంత చదివినా, ఎన్ని శాసనాల గురించి తెలుసుకున్నా, చివరికి ఆ బండ దగ్గరికే వచ్చేదాన్ని. ఈ ఊరి కథ సగం ఆ రాయి గుణంలోనే ఉంది.

ఆ రాయిని ఖోండలైట్ అంటారు. తూర్పు కనుమల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీద భూగర్భ శాస్త్రవేత్తలు పెట్టిన పేరు. మా కొండలు ఆ తూర్పు కనుమల ముక్కలే. విశాఖ కొండలూ ఈ జాతివే. ఒడిశాలో కోణార్క సూర్యదేవాలయాన్ని ఎక్కువ భాగం ఈ రాయితోనే కట్టారు. ఆ గుడి గోడల మీద శిల్పాలు ముఖాలు అరిగిపోయి కనిపించేది కూడా ఈ రాయి గుణం వల్లే. నేను దానిమ్మ గింజలనుకున్న ఆ ఎర్ర నలుసులు గార్నెట్‌లు. ఖోండలైట్ తాజాగా ఉన్నప్పుడు గట్టిదే. ఎండకి కాగి, వానకి నాని, గాలి తగిలి వందల వేల ఏళ్ళు గడిచేసరికి పైపొర మెత్తబడి, పగుళ్ళిచ్చి, పెచ్చులుగా ఊడుతుంది. ఉలికి లొంగుతుంది. వానకీ లొంగుతుంది. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి, ముందు ముందు వీటితో పని ఉంది.

కొండలు ఈ ఊరికి చేసిన మొదటి మేలు నదిని పట్టుకోవడం. పడమటి నుంచి వెడల్పుగా, ఇసకతిన్నెలు వేసుకుంటూ వచ్చే కృష్ణ, ఇటు ఇంద్రకీలాద్రికీ అటు సీతానగరం కొండకీ మధ్యకి వచ్చేసరికి ఒదిగి పారుతుంది. ఆ సందు దాటగానే మళ్ళీ చదునైన డెల్టా, సముద్రం దాకా ఇంకో కొండ అడ్డం లేదు. మా ఊళ్ళో పెద్దవాళ్ళు దీనికో కథ చెప్పేవాళ్ళు. పూర్వం ఇక్కడ కొండ అడ్డంగా ఉండేదట, కృష్ణమ్మకి దారి లేక వెనక్కి తన్నేదట, అర్జునుడు బాణంతో కొండకి బెజ్జం వేసి దారి ఇచ్చాడట. అందుకే ఇది బెజ్జంవాడ, బెజవాడ అయిందని. ఇంద్రకీలాద్రి మీద అర్జునుడు తపస్సు చేసి, కిరాతుడి వేషంలో వచ్చిన శివుడితో పోరాడి పాశుపతం సంపాదించాడన్న కథ ఎలాగూ ఉంది. ఊరి పేరుకి పండితులు వేరే వ్యుత్పత్తులు చెప్తారు. అయినా పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు నేను బెజ్జం కథతోనే మొదలుపెట్టేదాన్ని. నది రెండు కొండల మధ్య సందులోంచి పోతోందన్న నిజాన్ని ఎవరో కళ్ళారా చూసి అల్లిన కథ అది.

ఆ సందు విలువ ఇంజనీర్ల లెక్కలోకి వచ్చింది 19వ శతాబ్దంలో, అదీ ఒక ఘోరం జరిగాక. 1832-33లో నందన నామ సంవత్సరపు కరువు వచ్చింది. గుంటూరు సీమలో జనం పిట్టల్లా రాలిపోయారు. కళ్ళెదుట కృష్ణ పారుతుండగా పక్క ఊళ్ళలో జనం అన్నం లేక చచ్చిపోయారు. నదికి అడ్డుకట్ట కట్టాలన్న ఆలోచన ఆ తర్వాతే బలపడింది. ధవళేశ్వరంలో గోదావరికి ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ ప్రోద్బలం దీని వెనక ఉంది. పని చేయించినవాడు కెప్టెన్ చార్లెస్ ఆర్. 1852లో మొదలై 1855కి పూర్తయింది.

ఎక్కడ కట్టాలన్న దానికి కొండలే జవాబు చెప్పాయి. నది ఇరుకైన చోటు ఇదే. కట్టకి రెండు చివర్లా ఆనుకోవడానికి కొండలున్నాయి. రాయి ఎక్కడి నుంచో మోసుకురానక్కర్లేదు, ఆ కొండలే రాయి ఇచ్చాయి. ఇటు కొండని పగలగొట్టి ఇటు సగం, అటు కొండని పగలగొట్టి అటు సగం పేర్చుకుంటూ పోయారు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ బెజవాడలోంచే బయల్దేరాయి. దివిసీమ దాకా పండిన ప్రతి వడ్లగింజకీ ఈ కొండరాయి అప్పు ఉందని నేను పిల్లలకి చెప్పేదాన్ని. ఇప్పుడూ చెప్తాను.

ఆ ఆనకట్ట దాదాపు వందేళ్ళు నిలిచింది. 1952లో దానికి గండి పడింది. కొంచెం ఎగువన కొత్త బ్యారేజీ కట్టాలని నిర్ణయించి, 1954లో పని మొదలుపెట్టి 1957లో ముగించారు. 1,223 మీటర్ల పొడవు, 70 గేట్లు, 13 లక్షల ఎకరాల ఆయకట్టు. ఆ ఏడే కన్నుమూసిన టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు దానికి పెట్టారు.

మా నాన్న బెజవాడ వచ్చింది ఆ బ్యారేజీ పనికే. గుంటూరు జిల్లా మెట్ట ప్రాంతంలో మా ఊరు. వానపడితే పంట, లేకపోతే లేదు. పద్దెనిమిదేళ్ళ వయసులో ఒక జత బట్టలు మూటగట్టుకుని వచ్చి, రాళ్ళు మోసే కూలీగా చేరాడు. పని అయిపోయాక వెనక్కి పోలేదు. వన్‌టౌన్ గోదాముల దగ్గర హమాలీ అయ్యాడు. కింద అద్దెలు భరించలేక, తోటి హమాలీలతో కలిసి కొండవాలున కాస్త చోటు చదును చేసుకుని తాటాకు పాక వేశాడు. పగలంతా బస్తాలు మోసి సాయంత్రం మెట్లెక్కి వచ్చి, గడపలో కూర్చుని బ్యారేజీ వైపు చూసేవాడు. గేట్ల మీద దీపాలు వరసగా వెలిగేవి. "ఆ పదో కానా దగ్గర నేను మోసిన రాళ్ళున్నాయే అమ్మాయ్," అనేవాడు. పదోదో పదిహేనోదో రోజుకో రకంగా చెప్పేవాడు. నేనెప్పుడూ సరిదిద్దలేదు.

ఈ కొండని ఉలితో తొలిచినవాళ్ళు మాత్రం ఆర్ దొర కంటే పన్నెండు, పదమూడు వందల ఏళ్ళ ముందువాళ్ళు. మొగల్రాజపురంలో ఐదు గుహలున్నాయి. నది అవతల ఉండవల్లిలో నాలుగంతస్తుల గుహాలయం, అందులో పడుకున్న అనంతపద్మనాభుడు. ఇంద్రకీలాద్రి పాదం దగ్గర అక్కన్న మాదన్న గుహలు. ఇవన్నీ సుమారు 5 నుంచి 7 శతాబ్దాల మధ్య తొలిచినవని చరిత్రకారుల అంచనా. విష్ణుకుండినుల పేరు ఎక్కువగా వినిపిస్తుంది. మొగల్రాజపురం గుహల్లో నటరాజు ఉన్నాడు, అర్ధనారీశ్వరుడు ఉన్నాడు. దక్షిణాదిన రాతి గుడి అనే ఆలోచన మొగ్గ తొడిగిన చోట్లలో ఇదొకటి. మహాబలిపురం చూసొచ్చి మురిసిపోయేవాళ్ళు మన బెజవాడ మధ్యలో దాని అక్కచెల్లెళ్ళున్నాయని తెలియక మొగల్రాజపురం రోడ్డు మీద ఆటోలో వెళ్ళిపోతుంటారు. నాకది ఎప్పటికీ బాధే.

ఏటా తొమ్మిదో తరగతి పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళేదాన్ని. ఒకసారి ఒక అబ్బాయి గుహలో స్తంభం పక్కన గోడ మీద చెయ్యి పెట్టి, "టీచర్, ఇది మా ఇంటి వెనక రాయే," అన్నాడు. వాడి ఇల్లూ కొండమీదే. గోడ మీద ఉలి దెబ్బలు ఏటవాలు గీతలుగా ఇంకా కనిపిస్తున్నాయి, ఒక్కో గీత వేలెడు పొడవు, పక్కపక్కనే, పొలంలో నాగటి చాళ్ళలా. ఆ గీతల పక్కనే రాయి పెచ్చు ఊడి ద్వారపాలకుడి ముఖం సగం పోయింది. ఉలికి లొంగింది గనకే అంత పెద్ద గుడి తొలచగలిగారు. గాలికీ వానకీ లొంగింది గనకే ఆ ముఖం పోయింది. వాడు చేయి తీసి అరచెయ్యి చూపించాడు. అదే ఎర్ర ఇసక. నేను పాఠం చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

అక్కన్న మాదన్న గుహల పేరు సంగతి వేరు. గోల్కొండ ఏలిన అబుల్ హసన్ తానీషా దగ్గర మంత్రులుగా పనిచేసిన అన్నదమ్ములు వాళ్ళు. చివరికి హత్యకు గురయ్యారు. ఈ వైపు వచ్చినప్పుడు వాళ్ళు ఇక్కడ మకాం చేసేవారని జనం చెప్పుకునే మాట. గుహలు మాత్రం వాళ్ళకంటే వెయ్యేళ్ళు పాతవి. దుర్గమ్మ గుడికి పోయే జనం వాటి ముందు నుంచే పోతారు.

దుర్గమ్మ గురించి నేను చెప్పేదేముంది. బెజవాడలో పుట్టినవాళ్ళకి కనకదుర్గమ్మ ఇంటి పెద్ద లాంటిది. కీలుడనే ఋషి అమ్మవారిని తన మీద కొలువుండమని కోరి కొండగా మారాడని, ఇంద్రుడు వచ్చి పూజించాడు గనక ఇంద్రకీలాద్రి అయిందని స్థలపురాణం. కృష్ణమ్మ పొంగి పొంగి ఒకనాటికి అమ్మవారి ముక్కుపుడక తాకుతుందని, అది యుగాంతమని మా అమ్మ నమ్మేది. వీరబ్రహ్మం గారి మాటగా బెజవాడలో ప్రతి ఇంట్లో చెప్పుకునేదే ఇది. వరద వచ్చిన ప్రతిసారీ అమ్మ గడపలో నిలబడి ముందు నది వైపు, తర్వాత గుడి వైపు చూసేది. దసరాల్లో మూలా నక్షత్రం రోజున మా గడపలోంచి చూస్తే క్యూలైను కొండ చుట్టూ చుట్టుకున్న పూలదండలా ఉండేది.

ఆ కొండ దగ్గరే, మల్లేశ్వరస్వామి గుడిలో దొరికిన ఒక రాతి స్తంభం గురించి మాత్రం వివరంగా చెప్పాలి. చాళుక్య యుద్ధమల్లుడి శాసనం అంటారు. 10వ శతాబ్దం నాటిదని ఎక్కువమంది మాట. తెలుగు సాహిత్యం చదువుకున్నవాళ్ళకి ఇది తెలుసు, ఎందుకంటే దాని మీద ఉన్నవి మధ్యాక్కర పద్యాలు. నన్నయ గారు భారతం మొదలుపెట్టడానికి వందేళ్ళ ముందే ఈ కొండ కింద ఎవరో తెలుగులో ఛందస్సు తప్పకుండా పద్యం చెప్పి రాతి మీద చెక్కించారు. జయంతి రామయ్య పంతులు గారు దాన్ని పరిష్కరించి ప్రకటించారు.

పద్యాల్లో ఉన్న విషయం నాకు ఇంకా ఇష్టం. యుద్ధమల్లుడు బెజవాడలో కుమారస్వామికి గుడీ, దానితోపాటు ఒక మఠమూ కట్టించాడు. చేబ్రోలు నుంచి జాతరకి వచ్చిన కుమారస్వామికి ఈ చోటు నచ్చి ఇక్కడే ఉండిపోయాడట. మఠంలో గొరగలు, అంటే శైవ సన్యాసులు, తప్ప వేరేవాళ్ళు బస చేయకూడదు, చేస్తే మహాపాపం అని ఆంక్ష పెట్టారు. ఆ సంగతి మొదటిసారి చదివిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. రాతి మీద ఆంక్ష చెక్కించారంటే, అప్పటికే ఎవరో వచ్చి ఉంటున్నారన్నమాట. జాతరకి వచ్చినవాళ్ళో, నది దాటడానికి పడవ కోసం ఆగినవాళ్ళో, తలదాచుకునే చోటు లేనివాళ్ళో. వెయ్యేళ్ళ కిందట కూడా ఈ కొండ పాదం దగ్గర చోటు కోసం జనం ఒత్తుకున్నారు. జాతరకి వచ్చి ఉండిపోయిన కుమారస్వామికీ, బ్యారేజీ పనికి వచ్చి ఉండిపోయిన మా నాన్నకీ నాకు పెద్ద తేడా కనిపించదు.

శాసనం కంటే ముందు, 7వ శతాబ్దంలో, చైనా యాత్రికుడు హ్యూన్‌త్సాంగ్ ఈ ప్రాంతానికి వచ్చాడు. ధాన్యకటక దేశపు రాజధానికి తూర్పు కొండ మీద పూర్వశిల, పడమటి కొండ మీద అవరశిల అని రెండు బౌద్ధారామాలు ఉన్నాయని రాశాడు. 19వ శతాబ్దంలో ఫెర్గూసన్ వంటి పండితులు ఆ వర్ణన చదివి, ఆ రాజధాని బెజవాడే అని వాదించారు. తర్వాతి పరిశోధకులు అమరావతి పక్కనున్న ధరణికోట వైపు మొగ్గారు. వాదన ఎటు తేలినా, అటు కొండ ఇటు కొండ మధ్య ఊరు అనగానే పండితుల మనసు బెజవాడ మీదికి పోయిందంటే ఈ ఊరి రూపం అలాంటిది.

ఇక రైలు. 1888లో బెజవాడ మునిసిపాలిటీ అయింది. మరుసటి ఏడు నిజాం రైల్వే ఇక్కడికి చేరింది. 1893కి కృష్ణ మీద రైలు వంతెన పడింది, 1899కి మద్రాసుకి దారి కుదిరింది. దేశం నాలుగు మూలల నుంచి వచ్చే పట్టాలు ఈ కొండల మధ్యకి వచ్చి కలిశాయి. సరుకు దిగే చోటికి మోసేవాళ్ళు రావాలి కదా. హమాలీలు, రిక్షా తొక్కేవాళ్ళు, కాళేశ్వరరావు మార్కెట్‌లో కూరగాయల బస్తాలు దించేవాళ్ళు, కాలువల మీద పడవ నడిపేవాళ్ళు. ఊరికి ఒక పక్క నది, లోపల మూడు కాలువలు, మధ్యలో పట్టాలు, మిగిలిన చదును నేల షావుకార్లది. కూలివాడికి మిగిలింది పైకి ఎక్కడమే. వించిపేట, చిట్టినగర్, విద్యాధరపురం, గుణదల, మొగల్రాజపురం, ఎటు చూసినా కొండవాలుల మీద రంగు రంగుల ఇళ్ళు ఒకదాని భుజమ్మీద ఒకటి ఎక్కినట్టు కనిపించడానికి కారణం ఇదే. చిట్టినగర్ వాళ్ళు కొండ చుట్టూ తిరగలేక సొరంగమే తొలిపించుకున్నారు. బెజవాడలో "సొరంగం దగ్గర" అంటే ఆటోవాళ్ళు మారు ప్రశ్న వేయరు.

స్టేషన్ పక్కనున్న కొండని ఒకప్పుడు ఆర్ కొండ అనేవాళ్ళు. ఆనకట్ట కట్టిన ఆ కెప్టెన్ పేరే. 1968 అక్టోబరు 6న అక్కడ 52 అడుగుల గాంధీ స్తూపాన్ని రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ ఆవిష్కరించారు, అది గాంధీ కొండ అయింది. 1921లో ఇదే ఊళ్ళో జరిగిన కాంగ్రెస్ సమావేశాల్లో పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా నమూనా ఇచ్చిన సంగతి అందరికీ తెలిసిందే, కాబట్టి ఆ పేరు కొండకి తగినదే. ఆర్ పేరు మాత్రం ఊళ్ళో ఎక్కడా వినపడకుండా పోవడం నాకు న్యాయంగా తోచదు. గుణదల కొండ సంగతి కూడా అందరికీ తెలుసు. 1924లో అర్లాటి అనే ఇటలీ ఫాదర్ అక్కడ మేరీమాత విగ్రహం నిలిపారు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో తిరునాళ్ళు. మా పక్కింటి ముస్లిం అవ్వ అటు గుణదలకి కొబ్బరికాయ పట్టుకెళ్ళేది, ఇటు దుర్గమ్మకి పసుపు కుంకుమ పంపేది.

బెజవాడ ఎండని అందరూ తిడతారు. బ్లేజ్‌వాడ అన్న పేరు ఎప్పటి నుంచో ఉంది. పగలు కాగిన కొండరాయి రాత్రంతా సెగ వదులుతూనే ఉంటుంది. మే నెలలో మా ఇంటి వెనక బండకి అర్ధరాత్రి వీపు ఆనిస్తే అప్పుడే దించిన పెనంలా ఉండేది. అమ్మ చీకటి పడ్డాక దాని మీద రెండు బిందెల నీళ్ళు పోసేది. అంత కష్టపడి మోసుకొచ్చిన నీళ్ళు. బుస్సుమని ఆవిరి లేచేది. ఆ బండ కాగడం, చల్లారడం, కాగడం, వానకి నానడం, ఇదంతా దాన్ని లోపల్లోపల పగలగొడుతోందని మాకు తెలియదు.

వానాకాలం రాత్రుళ్ళు మాత్రం మాకు తెలిసేవి. ఆ పగుళ్ళలోకి నీళ్ళు దిగుతాయి. పైన ఎవరో ఇంటి కోసం కొండని నిలువుగా చెక్కి ఉంటారు, కింద ఆనుకోవడానికి రాయి లేక పైభాగం వేలాడుతుంటుంది. నాకు పదేళ్ళప్పుడు ఒక రాత్రి, పైమెట్ల మీదుండే ఆవిడ లాంతరు పట్టుకుని వచ్చి తలుపు కొట్టింది.

"వదినా, వదినా, పైన మట్టి జారుతున్న చప్పుడవుతోంది. పిల్లల్ని వంటింటి వైపు పడుకోబెట్టకు."

"నువ్వు కూడా పిల్లల్ని తీసుకుని మా వసారాలోకి వచ్చెయ్," అంది అమ్మ.

"మామగారు కదలనంటున్నాడు. నలభై ఏళ్ళుగా ఉన్నాను, కొండ నన్నేం చేస్తుందీ అంటాడు."

"ఆయన్ని మీ అన్నయ్య తీసుకొస్తాడు. ముందు నువ్వు రా."

నాన్న వెళ్ళి ఆ ముసలాయన్ని బస్తాలా భుజానేసుకుని దించాడు. తెల్లవారాక చూస్తే మా వంటింటి గోడ మీద ఎద్దంత రాయి వాలి ఉంది. గోడ లోపలికి కూలింది. ఆ రాయిని ముక్కలు చేయడానికి నాన్నకీ మరో నలుగురు హమాలీలకీ రెండు రోజులు పట్టింది. ఆ ముక్కలతోనే మళ్ళీ గోడ కట్టారు. రిటైనింగ్ వాల్ కట్టించమని నాన్న అర్జీ పెట్టాడు. కొలతలు తీసుకుపోయారు. ఆ గోడ నా పెళ్ళికి లేదు, నా కూతురి పెళ్ళికీ లేదు.

2020 అక్టోబరు 21న, దసరా ఉత్సవాల మధ్య మూలా నక్షత్రం రోజునే, ఇంద్రకీలాద్రి మీద కొండచరియలు విరిగిపడ్డాయి. అమ్మవారి కొండ కూడా అదే రాయి.

2024 ఆగస్టు 31 మాత్రం బెజవాడ మరిచిపోయే రోజు కాదు. రెండు రోజులు ఆగకుండా వాన. మొగల్రాజపురంలో సున్నపుబట్టీల సెంటరు దగ్గర కొండరాళ్ళు ఇళ్ళ మీద పడి ప్రాణాలు పోయాయి. ఆ రాత్రి నుంచే బుడమేరు వాగుకి గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం మునిగాయి. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల 43 వేల క్యూసెక్కులు పారాయి, 2009 నాటి 11 లక్షల 10 వేలని మించిన వరద. కింద ఉన్నవాళ్ళు నీళ్ళలో, మీద ఉన్నవాళ్ళు రాళ్ళ కింద. సింగ్‌నగర్‌లో మేడ ఎక్కి కూర్చున్న మా చెల్లెలు ఫోన్ చేసి, "అక్కా, కొండమీద ఇల్లు అమ్మి తప్పు చేశాం," అంది. అదే పూట మొగల్రాజపురం నుంచి నా పాత విద్యార్థి ఫోన్ చేశాడు. గుహలో గోడ మీద చెయ్యి పెట్టి చూపించిన అబ్బాయే. "టీచర్, మా కొండ కింద ఇంక ఉండలేం," అన్నాడు. ఇద్దరికీ నేను ఏం జవాబు చెప్పగలను?

కొండల మీద ఉన్నవాళ్ళు ఆక్రమించుకున్నారని, అందుకే పడుతున్నారని కొందరు తేలిగ్గా అనేస్తారు. ఆ మాట నాకు నచ్చదు. ఈ ఊరి రైళ్ళకి, మార్కెట్లకి, బ్యారేజీకి వాళ్ళ భుజాలు కావలసి వచ్చాయి. ఆ భుజాలకి నిద్రపోయే చోటు చదును నేల మీద దొరకలేదు. ఓట్లడగడానికి వచ్చినవాళ్ళు మెట్లు కట్టించారు, కరెంటిచ్చారు, పైదాకా నీళ్ళ పైపులు వేశారు. ఇవన్నీ మంచివే. మా అమ్మ బతికుండగా ఆ కుళాయి పైకి వచ్చి ఉంటే ఎంత సంతోషించేదో. కానీ ఆ పైపులు లీకయితే ఆ నీళ్ళూ పగుళ్ళలోకే పోతాయి. మురుగుకాలువ సరిగ్గా లేకపోతే అదీ పగుళ్ళలోకే పోతుంది.

మొన్న కార్తీకంలో మళ్ళీ మా మెట్లు ఎక్కాను. ఎక్కడానికి ముప్పావు గంట పట్టింది. యాభయ్యో మెట్టు దగ్గర బండ ఇంకా ఉంది. బిందెల గుంటలున్నాయి. ఇప్పుడు ఎవరూ అక్కడ బిందె దించడం లేదు గనక వాటిలో నాచు పట్టింది. బండ కింద వైపు మాత్రం ఎవరో స్కూటర్ పెట్టుకోవడానికని రెండడుగుల లోతున చెక్కారు. చెక్కిన చోట రాయి తాజాగా, తెల్లగా ఉంది. ఆ పైన జానెడు వెడల్పున పగులు. ఇంటివాళ్ళని పిలిచి చూపించాను. "ఏముందమ్మా, ఎప్పటి నుంచో ఉన్న బండే కదా," అన్నారు.

బెజవాడ వాళ్ళకి నా మనవి ఇది. కొండ పాదాన్ని చెక్కకండి, ఒక్క అడుగు కూడా. వాలు మీద ఉన్న వేపనీ రావినీ ఎవరి పిట్టగోడ కోసమూ కొట్టకండి. ఇంటి వెనక బండలో కొత్త పగులు కనిపిస్తే, మట్టి రాలిన చప్పుడు వినిపిస్తే, పక్కవాళ్ళ తలుపు కొట్టండి, అర్ధరాత్రయినా సరే. నగరాన్ని నడిపేవాళ్ళకి ఒక్క మాట. వానలు జూన్‌లో మొదలవుతాయి. కొలతలు మీ దగ్గర ఉన్నాయి. ఈసారి గోడ కట్టండి.